పద్నాలుగు చెంచాల భోజనం

ఆ ఆసుపత్రి వంటింట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా పద్నాలుగు గిన్నెలు పొయ్యి దిగేవి. పద్నాలుగింట్లోనూ ఉప్పు చూసేది ఒకే ఒక్క నాలుక. అది పెద్దవంటావిడది. వెనకాల అందరూ ఆవిడని ఉప్పక్క అంటారు. ఎదుట పడితే మాత్రం ఉత్త అక్కే, ఎందుకంటే ఆవిడకి కోపం ముక్కు మీద ఉంటుంది, గరిటె చేతిలో ఉంటుంది.

ఉప్పక్కకి యాభై నిండాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ పొయ్యి ఆవిడదే. రోగుల పేర్లు ఆవిడకి తెలియవు, ఆవిడ మొహం రోగులకి తెలియదు. మధ్యలో తిరిగేవి చీటీలు. వార్డు నంబరు, మంచం నంబరు, ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏం పెట్టకూడదు. ఆ చీటీలు రాసేది డైటీషియన్. ఉప్పక్క కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, సన్నగా, గట్టిగా మాట్లాడితే అరిగిపోతానేమో అన్నట్టు మెల్లగా మాట్లాడుతుంది. ఆ అమ్మాయికి చీటీల మేడమ్ అని పేరు పెట్టింది ఉప్పక్కే. సూపులో ఉప్పు వద్దని రాసే మనిషంటే ఉప్పు చూసే మనిషికి ఎంత గౌరవం ఉంటుందో అంతే ఉండేది. అయినా చీటీని మీరిన రోజు ఒక్కటీ లేదు. ఎనభై గ్రాముల చేప అని రాస్తే తూకంలో ఎనభై తేలాల్సిందే. అన్నీ సర్దిన ప్లేటు మీద మూత పెట్టేముందు ఉప్పక్క ఒకసారి కళ్ళారా చూసుకునేది. చాలదనిపిస్తే ప్లేటు కదిలేది కాదు.

అలాంటి మనిషికి రెండేళ్ళుగా సొంత ఒళ్ళు మాట వినడం మానేసింది. నెలసరి మూడు నెలలు పత్తా లేకుండా పోయేది. వచ్చిందంటే పది రోజులు ఒళ్ళు తోడేసేది. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి చెవుల దాకా పాకేది, బట్టలు తడిసిపోయేవి. వంటింట్లో చెమట పట్టిందంటే ఎవరు పట్టించుకుంటారు? అందుకే రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. ఉప్పక్క కూడా నేరమంతా పొయ్యి మీదే వేసింది. ఒకరోజు బస్సులో, కిటికీ పక్కన, చల్లగాలి కొడుతుండగా అదే సెగ లేచింది. అక్కడ పొయ్యి లేదు. ఇక నింద వేయడానికి ఎవరూ దొరకలేదు.

అసలు సంగతి బయటపడింది ఉడికిన చిక్కుడు గింజలు వార్చేటప్పుడు. పెద్ద గిన్నె, అటు చెవి చిన్నవంటాయన పట్టుకున్నాడు, ఇటు చెవి ఉప్పక్క. గిన్నె వంచారు. ఉప్పక్కకి కళ్ళు బైర్లు కమ్మాయి. మరుగునీళ్ళు ఇద్దరి కాళ్ళ మధ్య నేల మీద పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడం అదృష్టమని ఇద్దరికీ తెలుసు. చిన్నవంటాయన నోట్లో నాలుక లేని మనిషి, ఎవరికీ చెప్పేవాడు కాదు. సూపర్‌వైజరు తన కళ్ళతో చూశాడు.

పరీక్షలు చేశారు. ఆడవాళ్ళ డాక్టరమ్మ స్కానింగు చూసి భయపడాల్సింది ఏమీ లేదంది. మెనోపాజ్ దగ్గరపడింది, ఈ రెండేళ్ళలో రక్తం చాలా పోయింది, పోయింది తిరిగి రాలేదు, అంతే. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర ఉంది. స్టాఫు డాక్టరు కాగితం తిప్పి తిప్పి చూసి తేల్చేశాడు.

"కళ్ళు తిరిగే మనిషిని మరుగునీళ్ళ దగ్గర నిలబెట్టలేనమ్మా. మూడు నెలలు టైమిస్తాను. బరువులు ఎత్తకండి, మాత్రలు వేసుకోండి, బాగా తినండి. అప్పటికి పది దాటితే పొయ్యి మీదే. దాటకపోతే లాండ్రీకి మారుస్తాను. దుప్పట్లు లెక్కపెట్టే పని, కూర్చుని చేసుకోవచ్చు."

కూర్చుని చేసుకోవచ్చు అన్నమాట ఉప్పక్కకి చెంపదెబ్బలా తగిలింది. ఈ ఆసుపత్రిలో ఉప్పక్క అంటే పొయ్యి. పొయ్యి తీసేస్తే మిగిలేది దుప్పట్లు లెక్కపెట్టే ఒక యాభయ్యేళ్ళ ఆడది. ఆవిడకి భయం వేసింది. భయం వేసినప్పుడు ఆవిడకి కోపం వస్తుంది కాబట్టి ఆ రోజు వంటింట్లో అందరూ తిట్లు తిన్నారు.

మర్నాడు చీటీల మేడమ్ పిలిచి కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి ఆసుపత్రికి వచ్చిన ఏడేళ్ళలో ఇద్దరూ ఒకచోట కూర్చోవడం అదే మొదలు.

"అక్కా, ఒకటి ముందే చెప్తున్నాను. ఈ వేడి ఆవిర్లు తిండితో పోతాయని నేను మాటివ్వను. కొందరికి తగ్గుతాయి, కొందరికి తగ్గవు. వాటికి డాక్టరమ్మ వేరే మందులిస్తుంది. కానీ రక్తం, ఎముక, కండ, ఈ మూడూ మాత్రం మీ ప్లేటు మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎముకల్ని కాపాడే హార్మోను ఒకటి లోపల ఉండేది. అది తగ్గిపోతోంది. ఇకనుంచి ఆ కాపలా మీరే కాయాలి."

చెప్పడం అయ్యాక చీటీ రాసింది. రోజుకి రెండు గుడ్లు, లేదా చేప. పూటపూటా పప్పుగాని చిక్కుడు గింజలుగాని. ఒక గిన్నెడు ఆకుకూర, దాని మీద నిమ్మరసం. రెండు కప్పుల పెరుగు. గుప్పెడు నువ్వులో బాదంపప్పులో. ఐరన్ మాత్ర వేసుకునేటప్పుడు టీ దరిదాపుల్లో ఉండకూడదు, ముందొక గంట, తర్వాతొక గంట. చివర్న ఎప్పటిలాగే మంచం నంబరు గడి ఉంది. మేడమ్ కలం కాసేపు దాని మీద ఆగి, ఒక చిన్న గీత గీసి ఊరుకుంది.

ఉప్పక్క చీటీ మడిచి జాకెట్లో దోపుకుంది. మంచం నంబరు లేకపోయినా చీటీ చీటీయే. మీరే ప్రసక్తే లేదు.

నిజంగానే మీరలేదు. ఆ సాయంత్రం నించే ఇంట్లో వంట మారిపోయింది. ఇంట్లో ఉండేది నలుగురు. ఉప్పక్క, భర్త, కాలేజీలో చదివే కూతురు, ఉప్పక్క వాళ్ళమ్మ. భర్త తాళాల మేస్త్రీ. ఊళ్ళో ఎవరి తాళంచెవి పోయినా ఆయనే దిక్కు, ఇంట్లో తన కళ్ళజోడు మాత్రం ఆయనకి దొరకదు. అమ్మకి డెబ్భై ఆరు. తండ్రి పోయాక కూతురి దగ్గరకి వచ్చేసింది. అల్లుడి ఎదుట గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి.

గుడ్లు ఉడికాయి. చేపలు వేగాయి. ఆకుకూర పప్పులో పడింది, పెరుగు కుండ నిండింది, నువ్వుల పొడి సీసాకెక్కింది. మేస్త్రీ మొదటిరోజు ప్లేటు చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఏంటి, ఆసుపత్రిలో ఎవరైనా పెద్దాఫీసరు పోయాడా? ఆయన భోజనం మిగిలిందా?"

"నాకు డాక్టరు రాశాడు. నోరు మూసుకుని తినండి."

"నీకు రాస్తే నేనెందుకు తినడం?" అన్నాడు గాని అప్పటికే రెండో గుడ్డు నోట్లో ఉంది.

నెల తిరిగేసరికి ఇంట్లో మార్పు కొట్టొచ్చినట్టు కనబడింది. మేస్త్రీ బుగ్గలు నిండాయి. ఆయన బెల్టుకి తన పనిముట్టుతోనే కొత్త చిల్లు పొడుచుకున్నాడు. కూతురికి గుప్పెళ్ళకొద్దీ ఊడే జుట్టు ఊడటం తగ్గింది, దానికి కొత్త నూనె కారణమని అది స్నేహితురాళ్ళకి చెప్పుకుంది. అమ్మ గోడ పట్టుకోకుండా వీధి చివరిదాకా వెళ్ళొస్తోంది. ఇంటిల్లిపాదికీ కళ వచ్చింది. ఉప్పక్క ఇవన్నీ చూసి చీటీల మేడమ్‌ని మనసులో మొదటిసారి మెచ్చుకుంది. పిల్లకి పనొచ్చు అనుకుంది.

ఆరు వారాలకి మధ్యలో ఒకసారి రక్తం చూశారు. ఎనిమిది పాయింట్ ఏడు.

చీటీల మేడమ్ ఆ అంకెని రెండుసార్లు చదివింది. ఉప్పక్క ఒంటికాలి మీద లేచింది.

"మీ చీటీలో తప్పుంది మేడమ్. నేనైతే ఒక్కరోజు తప్పలేదు. రోజూ ఆరు గుడ్లు. వారానికి మూడుసార్లు చేప. ఆకుకూర లేని పూట లేదు. పెరుగు తోడుపెట్టని రోజు లేదు. కావాలంటే మా ఆయన్ని పిలిచి అడగండి."

"మాత్రలు?"

"పొద్దున్నే. మర్చిపోకుండా."

"దేంతో వేసుకుంటున్నారు?"

పొద్దున నాలుగున్నరకి లేచి బస్సు పట్టుకునే మనిషి మాత్ర వేసుకునేది చేతిలో ఉన్నదాంతోనే. చేతిలో టీ ఉంటుంది.

మేడమ్ మెల్లగా అడిగింది. "సరే. నిన్న రాత్రి మీరేం తిన్నారక్కా?"

"చెప్పాగా. చేపలు వేయించాను, పప్పు చేశాను..."

"ఏం వండారో చెప్తున్నారు. నేను అడిగింది ఏం తిన్నారని."

ఉప్పక్క నోరు తెరిచింది. నిన్న చేప ముక్కలు ఆరు. మేస్త్రీకి రెండు, కూతురికి రెండు, అమ్మకి ఒకటి. ఆరోది మేస్త్రీ ఖాళీ ప్లేటు వైపు చూస్తూ కూర్చుంటే ఆయనకే వేసేసింది. పప్పు అడుగున కాస్త మిగిలితే కూతురు పొద్దున డబ్బాలోకి అడిగింది. అయితే తను తిన్నదేమిటి? రొట్టె. రొట్టెతో ఏదో ఉండే ఉంటుంది. ఎంత తవ్వినా ఆ ఏదో గుర్తు రాలేదు.

"నాకు ఇంట్లో పెద్దగా ఆకలుండదు మేడమ్," అంది చివరికి. "ఇక్కడే కడుపు నిండిపోతుంది. పద్నాలుగు గిన్నెలు రుచి చూస్తానా. రోజంతా నోరు ఆడుతూనే ఉంటుంది."

ఇది ఉప్పక్క ఒక్కదాని మాట కాదు, వంటవాళ్ళందరి మాట. పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళెవరూ భోజనానికి కూర్చోరు. ఆవిరి పీల్చి, చెంచాతో నాకి, తిన్నామనుకుంటారు. చిన్నవంటాయన కూడా అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ వంటింట్లో ఈ లెక్కని ఎవరూ ప్రశ్నించలేదు.

చీటీల మేడమ్ కూడా ప్రశ్నించలేదు. అల్మారాలోంచి ఒక స్టీలు గిన్నె తీసి ఇచ్చింది.

"రేపు ఒక్కరోజు నా మాట వినండి. ఎప్పటిలాగే రుచి చూడండి. చూసిన ప్రతిసారీ ఇంకో చెంచా అంతే తీసి ఇందులో వేయండి. సాయంత్రం నాకు చూపించండి."

ఉప్పక్క పంతంగా ఆ పని చేసింది. గిన్నె పొంగిపోతుంది, తీసుకెళ్ళి మేడమ్ బల్ల మీద ఠంగుమని పెట్టాలి అని మనసులో అనుకుంది. పొద్దున గంజి, ఒక చెంచా. పాలు, ఒక చెంచా. కూరగాయల సూపు, ఉప్పు తక్కువై మళ్ళీ వేసింది కాబట్టి రెండు. కోడిమాంసం పులుసు చెంచాడు, పప్పు చెంచాడు, చిక్కుడు గింజలు నాలుగు. అన్నం మెతుకులు మూడు వేళ్ళతో. చిన్నవంటాయన పక్కనుంచి గిన్నెలోకి తొంగి చూశాడు.

సాయంత్రం ప్లేట్లన్నీ వెళ్ళిపోయాక గిన్నె ముందు పెట్టుకుని చూసింది. సగం కూడా నిండలేదు. అన్నీ కలిసి బూడిదరంగులో ముద్దయిపోయి ఉన్నాయి. అలవాటు కొద్దీ తూకం మీద పెట్టింది. నూట తొంభై గ్రాములు. అందులో ముప్పాతిక నీళ్ళే.

మూత పెట్టేముందు కళ్ళారా చూసుకోవడం ఆవిడకి ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆ కళ్ళతోనే చూసింది. నడవలేని ముసలివాళ్ళకి, ఆపరేషనైన మర్నాడు పసిపిల్లలకి కూడా ఇంతకన్నా ఎక్కువ పంపుతుంది. ఇలాంటి ప్లేటు ఎవరైనా సర్ది ఉంటే గరిటె విసిరేసి ఉండేది. మంచం మీద ఉన్నది మనిషా, పిచ్చుకా అని అడిగి ఉండేది. ఇన్నేళ్ళూ రోజూ ఒక ఆడమనిషికి ఈ ప్లేటు పంపింది తనే. ఆవిడకి సిగ్గు వేసింది. తనమీద తనకి జాలి కూడా వేసింది, అది అలవాటు లేని పని కాబట్టి ఎలా పడాలో తెలియక గిన్నె తోమడం మొదలుపెట్టింది.

మర్నాడు మేడమ్‌కి నూట తొంభై అని ఒక్క అంకె చెప్పింది. మేడమ్ తలూపింది. గెలిచానన్న మొహం పెట్టలేదు. ఉప్పక్కకి ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది అప్పుడే.

తినడం అనుకున్నంత తేలిక కాదు. ఆ రాత్రి ఇంట్లో ఉప్పక్క అందరికన్నా ముందు తనకి వడ్డించుకుంది. రెండు గుడ్లు, పప్పు, ఆకుకూర, పెరుగు. వడ్డించుకుని కూర్చుంది. ముగ్గురూ చూస్తున్నారు. మొదటి ముద్ద దొంగతనంగా తింటున్నట్టనిపించింది.

"గుడ్లు రెండేనా ఉన్నాయి?" అన్నాడు మేస్త్రీ.

"ఆరున్నాయి. రెండు నావి. మిగతావి మీరు పంచుకోండి."

"అది సరే. నేను రోజూ మూడు తింటున్నాను కదా..." అని మాట మధ్యలో ఆగాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. తాళం ఎక్కడ పట్టేసిందో వెతికేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. "అయితే ఇన్నాళ్ళూ నీ గుడ్లు నేను తిన్నానా?"

"తిన్నారు."

"మరి చెప్పవేం?"

"నాకూ నిన్నే తెలిసింది."

మేస్త్రీ బెల్టు సర్దుకున్నాడు. మర్నాటి నుంచి పొద్దున మాత్రా గ్లాసుడు నీళ్ళూ ఆయనే తెచ్చి ఇచ్చేవాడు, గంట తిరిగేదాకా టీ గిన్నె పొయ్యెక్కనిచ్చేవాడు కాదు. ఆ గంట కోసం ఉప్పక్క పావుతక్కువ నాలుక్కి లేవాల్సొచ్చింది, ఆయనా లేచేవాడు. ఇది ప్రేమో, మూడు గుడ్ల అపరాధమో ఉప్పక్క అడగలేదు.

వంటింట్లో ఇంకా కష్టమైంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి స్టూలు లాక్కుని ప్లేటు పెట్టుకుని కూర్చుంటే వెనకనుంచి పిలుపులే. అక్కా, పులుసు దించమంటారా? అక్కా, ఉప్పు చూస్తారా? మొదటివారం నాలుగుసార్లు లేచింది. రెండోవారం రెండుసార్లు. మూడోవారం లేవకుండానే, "నేను తింటున్నాను, నువ్వే చూడు," అంది. చిన్నవంటాయన పదిహేనేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి తనే ఉప్పు చూశాడు. కాస్త ఎక్కువైంది. ఎవరూ చచ్చిపోలేదు. ఇంకో వారానికి ఆయన కూడా ఒక స్టూలు తెచ్చుకున్నాడు.

వేడి ఆవిర్లు పోలేదు. మేడమ్ చెప్పినట్టే అవి వాటి దారిన అవి వస్తూ పోతూ ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం మాత్రం తగ్గింది. కళ్ళు తిరగడం ఆగింది. గరిటె పట్టిన చెయ్యి సాయంత్రానికి కూడా చెయ్యిలాగే ఉంటోంది.

మూడు నెలలకి రక్తం చూశారు. పది పాయింట్ తొమ్మిది. స్టాఫు డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు. పొయ్యి ఉప్పక్కదే. పెద్ద గిన్నెలు మాత్రం ఇకమీదట ఎత్తకూడదు. ఎముకల స్కానింగు కూడా చేయించాలి, దానికి ముందు ఈ ఫారం నింపి తీసుకురమ్మన్నాడు. ఉప్పక్క బస్సులో ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎగిరి గంతేయాలనిపించింది. బస్సులో యాభయ్యేళ్ళ మనిషి గంతేస్తే బాగోదని ఊరుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫారం తీసింది. సగం ప్రశ్నలు తన గురించి, మిగతా సగం తల్లి గురించి. ఎముకల సంగతి తల్లి నించి కూతురికి వస్తుందట. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తోంది.

"అమ్మా, నీకు నెలసరి ఎప్పుడు ఆగింది?"

అమ్మ అల్లుడు ఎక్కడున్నాడో చూసుకుంది. బయట ఎవరి తాళమో బాగుచేస్తున్నాడు. "నలభై ఒకటో రెండో. నువ్వు పదో క్లాసు."

"ఎముకలేమైనా విరిగాయా?"

"ఈ మణికట్టు రెండుసార్లు. తెలుసుగా నీకు."

తెలుసు. చేతికి కట్టుతోనే అమ్మ రొట్టెలు చేయడం కూడా గుర్తుంది. ఉప్పక్క రాసుకుని తర్వాతి గడి చదివింది. ఆ వయసులో తల్లి ఆహారం ఎలా ఉండేది?

"ఆ రోజుల్లో నువ్వేం తినేదానివమ్మా?"

అమ్మ చేతిలో బఠానీకాయ అలాగే ఉండిపోయింది. బాగా ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూసింది.

"నాకు గుర్తు లేదే. మీ నాన్న ఏం తినేవారో అడుగు, చెప్తాను. పొద్దున పాలు, రెండు గుడ్లు, మధ్యాహ్నం గడ్డపెరుగు ఉండాల్సిందే. నీ సంగతీ చెప్తాను. నీకు ఉడికిన గుడ్డులో తెల్లసొన మాత్రమే కావాలి. పచ్చసొన తీసి ప్లేటు అంచున పెట్టేసేదానివి."

"ఆ పచ్చసొన నువ్వు తినేదానివా?"

"అయ్యో, నేనా? మీ నాన్నకి పెట్టేదాన్ని. ఆయనకి ఇష్టం."

ఉప్పక్కకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. అమ్మ కంగారుపడింది. ఫారంలో తన వల్ల ఏదో తప్పు పడిందనుకుంది.

"ఏదో ఒకటి తినే ఉంటానులే. తినకపోతే ఇంత పని ఎలా చేశాను? ఏదో ఒకటి రాసెయ్," అంది.

ఉప్పక్క కళ్ళు తుడుచుకుని, ఆ గడిలో ఏమీ తినలేదు అని రాసింది.